రొటండా: ఒక పురిటి ఆసుపత్రి, దాని జనన మరణాల పద్దు

1992లో నేను ఆంధ్రదేశంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో హౌస్‌సర్జన్‌గా పనిచేస్తున్నాను. ఒక మధ్యాహ్నం ఎనిమిది రోజుల పసిగుడ్డును పాతచీర ముక్కలో చుట్టుకొని ఒక అమ్మమ్మ వార్డుకు వచ్చింది. బిడ్డ రెండు రోజులుగా రొమ్ము పట్టడం లేదని చెప్పింది. దవడలు బిగుసుకుపోయి ఉన్నాయి. తలుపు చప్పుడైతే చాలు, ఆ చిన్ని ఒళ్ళంతా విల్లులా వంగుతున్నది. వార్డులో అందరికన్నా అనుభవం గల సిస్టరుగారు బిడ్డను చూసి ఒకే ప్రశ్న వేశారు: "బొడ్డు దేనితో కోశారమ్మా?" "కొడవలితోనే తల్లీ, మా ఇళ్ళల్లో ఎప్పుడూ దానితోనే" అన్నది ముసలామె. ధనుర్వాతం. మూడోనాడు బిడ్డ దక్కలేదు.

కేసు షీటు మీద నేను రాసిన రెండు వాక్యాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. అంతకన్నా గుర్తున్నది మరొకటి. ఆ ఏడాది ఆ వార్డులో అదే రోగంతో ఎందరు పసివాళ్ళు పోయారని నన్ను ఎవరూ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. రిజిస్టరు నిండా పేర్లు ఉండేవి. వాటిని వేరుచేసి, కూడి, భాగించి చూడాలన్న ఆలోచన మాకు రాలేదు.

కొన్నేళ్ళ తరువాత ఒక పరీక్ష నిమిత్తం డబ్లిన్‌ వెళ్ళినపుడు, 1789లో రాయల్ ఐరిష్ అకాడమీ ప్రచురించిన ఒక వ్యాసం నా చేతికి వచ్చింది. రాసినవాడు జోసెఫ్ క్లార్క్ అనే వైద్యుడు. అదే నగరంలోని పురిటి ఆసుపత్రిలో పుట్టిన బిడ్డలు ఎందుకు చనిపోతున్నారన్నది అందులోని విషయం. 1782 చివరి వరకు ఆ ఆసుపత్రిలో సజీవంగా పుట్టిన బిడ్డలు 17,650 మంది. వారిలో పుట్టిన పదిహేను రోజులలోపే పోయినవారు 2,944 మంది. అంటే ఆరుగురిలో ఒకరు. మా వార్డులో మేము వేయని లెక్కను రెండువందల ఏళ్ళ కిందట ఒకడు వేసి, తన ఆసుపత్రికి తలవంపులు తెచ్చే ఆ అంకెను తానే అచ్చువేయించాడు. ఆ వ్యాసం చదివిన మర్నాడు నేను పార్నెల్ వీధి వైపు నడిచివెళ్ళి, ఆ భవనం ముందు చాలాసేపు నిలబడ్డాను. దాని పేరు రొటండా ఆసుపత్రి.

కరవులో పుట్టిన ఆలోచన

రొటండా స్థాపకుడు బార్తొలొమ్యూ మాస్. 1712లో, నేడు పోర్ట్‌లీష్ అని పిలిచే ఊళ్ళో పుట్టాడు. శస్త్రవైద్యుడిగా యోగ్యతాపత్రం పొంది, సైనికుల వెంట మినోర్కా ద్వీపానికి వెళ్ళి, ఐరోపాలోని ఆసుపత్రులను చూసి, డబ్లిన్‌కు తిరిగివచ్చాడు. పురుళ్ళు పోయడం పురుషులు వృత్తిగా స్వీకరించడం ఆనాటికి కొత్త. 'పురుష మంత్రసాని' అన్న మాటను తోటి వైద్యులే ఎగతాళిగా వాడేవారు. మాస్ ఆ వృత్తినే ఎంచుకున్నాడు.

1739–40 చలికాలంలో ఐర్లండ్‌లో భయంకరమైన మంచు కురిసింది. బంగాళాదుంప పంట భూమిలోనే గడ్డకట్టింది. తరువాత కరవు, దాని వెంట జ్వరాలు వచ్చాయి. ఆ సంవత్సరాన్ని ఐరిష్ భాషలో 'ఊచకోత ఏడు' అని తలచుకుంటారు. మనకు డొక్కల కరువు ఎలాంటి జ్ఞాపకమో వాళ్ళకు అది అలాంటిది. నగరానికి వలస వచ్చిన పేదస్త్రీలు నేలమాళిగల్లోనూ, వాన కారే అటకల మీదా, తడినేల మీద గడ్డి పరచుకొని ప్రసవించడాన్ని మాస్ ఇంటింటికీ తిరిగి చూశాడు. ఆసుపత్రి ఎందుకు అవసరమో ఆయన చెప్పిన కారణాల్లో వైద్యం కన్నా ముందు ఇవే ఉంటాయి: పొడినేల, వెచ్చని దుప్పటి, కాస్త తిండి, దగ్గర ఒక మనిషి.

1745 మార్చి 15న జార్జెస్ లేన్‌లో, అంతకుముందు నాటకాలాడిన ఒక పాత ఇంట్లో, మాస్ తన ఆసుపత్రి తెరిచాడు. బ్రిటిష్ దీవుల్లో ప్రసూతికే ప్రత్యేకించిన తొలి ఆసుపత్రుల్లో అది ఒకటి. ఆగకుండా నేటికీ నడుస్తున్న పురిటి ఆసుపత్రుల్లో ప్రపంచంలోకెల్లా పాతదన్న పేరు దానికి ఉంది. పేదవారికి ఉచితం. అది కాథలిక్కుల ఆస్తిహక్కులనూ, ఉద్యోగాలనూ శిక్షాచట్టాలు అదుపుచేస్తున్న కాలం. అలాంటి దేశంలో ప్రొటెస్టంట్ ప్రముఖుల చందాలతో నడిచిన ఈ ఆసుపత్రికి వచ్చిన స్త్రీలలో అధికులు కాథలిక్కులు.

తోట, పాట, లాటరీ

ఇల్లు చాలలేదు. 1748లో మాస్ నగరం ఉత్తరపు అంచున సుమారు నాలుగు ఎకరాల బీడును కౌలుకు తీసుకున్నాడు. అక్కడ మొదట కట్టింది ఆసుపత్రి కాదు. తోట వేశాడు! దీపాలు, పూలబాటలు, సంగీత వేదిక ఏర్పాటు చేశాడు. డబ్లిన్‌లోని ధనికులు సాయంకాలాలు టికెట్టు కొనుక్కొని అక్కడ షికారు చేసేవారు. ఆ డబ్బుతో పునాదులు లేచాయి. 1751లో శంకుస్థాపన జరిగింది. లైన్‌స్టర్ హౌస్‌ను కట్టిన రిచర్డ్ కాసెల్స్ నమూనా గీశాడు. అదే ఏడాది అతడు చనిపోతే జాన్ ఎన్సర్ పని పూర్తిచేశాడు. 1756లో రాజపత్రం వచ్చింది. 1757 డిసెంబరు 8న కొత్త భవనం తెరుచుకుంది.

భవనంలో ఒక ప్రార్థనామందిరం ఉంది. దాని పైకప్పు మీద బార్తొలొమ్యూ క్రమిల్యన్ సుద్దతో మలచిన బొమ్మలు ఐర్లండ్‌లోని అత్యుత్తమ శిల్పాల్లో చేరుతాయి. నేలమీద పడుకొని కనే తల్లుల కోసం కట్టిన ఆసుపత్రిలో ఇంత ఆడంబరం దేనికని మొదటిసారి చూసినపుడు నాకు కోపం వచ్చింది. తరువాత అర్థమైంది. ఆ మందిరం రోగుల కోసం కట్టింది కాదు, దాతల కోసం. ఆదివారం ప్రసంగం వినడానికి బండ్లలో దిగే దొరలు, దొరసానులు కూర్చోదగిన చోటు ఉంటే హుండీ నిండుతుందని మాస్ లెక్క.

ఆయన మరణించాక 1764లో ఎన్సర్ ఒక పెద్ద గుండ్రని సభాభవనం కట్టాడు. గుండ్రని కట్టడాన్ని వాళ్ళు రొటండా అంటారు. ఆసుపత్రికి ఆ పేరు అలా అంటుకుంది. విందులు, నాట్యాలు, కచేరీలు జరిగే ఆ సభాభవనం అద్దె పురిటిమంచాలను పోషించింది. 1780లలో డబ్లిన్‌లో సొంత మేనా ఉన్న ప్రతి కుటుంబమూ దాని మీద పన్ను కట్టాలనీ, ఆ పన్ను పురిటి ఆసుపత్రికి చెందాలనీ శాసనం చేశారు. మేనాల యజమానుల పేర్లతో జాబితా అచ్చువేసి అమ్మారు కూడా. ఎవరు మేనా ఎక్కగలరో ఊరంతటికీ తెలిసింది. ఆ సొమ్ముతో ఊళ్ళో మేనా ఎక్కలేని వారు సుఖంగా ప్రసవించారు. ప్రజావైద్యానికి డబ్బు ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్నకు ఇంతకన్నా ముచ్చటైన జవాబు నేను ఎక్కడా చదవలేదు.

మాస్ మాత్రం ఆ సుఖం చూడలేదు. లాటరీలు వేసి, అప్పులు చేసి, ఆ అప్పులతోనే 1759లో కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళు కూడా నిండలేదు.

ఏడేళ్ళ మాస్టరు

రాజపత్రం ఈ ఆసుపత్రికి ఒక విచిత్రమైన పరిపాలనా పద్ధతిని ఇచ్చింది. మనకు మాస్టరంటే బడిపంతులు. అక్కడ ఆసుపత్రి అధిపతిని మాస్టర్ అంటారు. వైద్యం, బోధన, ఖర్చు, నౌకర్లు అన్నిటి బాధ్యతా అతడిదే. మాస్‌కు ఆ పదవి జీవితాంతం దక్కింది. ఆయన తరువాత వచ్చిన ప్రతివారికీ ఏడేళ్ళే గడువు. ఏడేళ్ళు నిండగానే దిగిపోవాలి. ఈ ఏర్పాటు తరువాత డబ్లిన్‌లోని మిగిలిన పురిటి ఆసుపత్రులకూ పాకింది.

రెండవ మాస్టర్ ఫీల్డింగ్ ఔల్డ్, ప్రసవంలో బిడ్డ తల తిరిగే తీరును 1742లోనే తన గ్రంథంలో వర్ణించినవాడు. అయితే ఏడేళ్ళ గడువు వల్ల కలిగిన అసలు మేలు ఇలాంటి ఒక్కొక్కరి పాండిత్యంలో కన్నా పద్దులో కనిపిస్తుంది. గడువున్న మనిషి తన కాలానికి లెక్క అప్పగించి దిగాలి. ఎందరు వచ్చారు, ఎందరు ప్రసవించారు, ఎందరు తల్లులు పోయారు, ఎందరు బిడ్డలు పోయారు అన్న లెక్క తొలినాళ్ళ నుంచీ ఏటా రాసిపెట్టుకున్నారు. ఒకరి ఏడేళ్ళను మరొకరి ఏడేళ్ళతో పోల్చి చూడవచ్చు. పోలిక వచ్చినచోట సిగ్గూ వస్తుంది, పట్టుదలా వస్తుంది.

తొమ్మిది రోజుల మూర్ఛలు

ఇప్పుడు క్లార్క్ వద్దకు వద్దాం. 1786 నుంచి 1793 వరకు మాస్టర్‌గా ఉన్న ఈయన, అంతకుముందు అక్కడే సహాయకుడు. అంకెలంటే ఈయనకు తగని మక్కువ. ఆడపిల్లల కన్నా మగపిల్లలు కాన్పులో ఎక్కువగా ఎందుకు చనిపోతారో పరిశీలిస్తూ, పుట్టిన బిడ్డల తలల కొలతలు తీసి, 1786లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసం రాశాడు.

ఆరుగురిలో ఒకరుగా పోతున్న పసివాళ్ళలో అత్యధికులను తీసుకుపోయిన రోగాన్ని అక్కడ 'తొమ్మిది రోజుల మూర్ఛలు' అనేవారు. పుట్టిన తొమ్మిది రోజుల లోపున దవడ బిగియడం, ఒళ్ళు కొయ్యబారడం, మూర్ఛలు, మరణం. మా వార్డు బిడ్డను చూసినవారెవరికైనా ఆ వర్ణన చదవగానే రోగం తెలిసిపోతుంది.

క్లార్క్ దీనికి కారణం చెడుగాలి అనుకున్నాడు. చలిదేశంలో కిటికీలు బిగించుకొని, ఒక గదిలో ఎందరో తల్లులు, బిడ్డలు, తడిగుడ్డలు, దీపాలు. వార్డుల పైకప్పుల్లో 24 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు గల రంధ్రాలు చేయించారు. కిటికీల చట్రాలకూ, తలుపుల పైభాగాలకూ అంగుళం వెడల్పున బెజ్జాలు తొలిపించారు. మూయడానికి వీలులేకుండా చేయడంలోనే కిటుకు ఉంది. కిటికీని తెరిచిపెట్టమంటే రాత్రివేళ చలికి ఎవరో ఒకరు మూసేస్తారు, బెజ్జాన్ని మూయలేరు. గదుల్లో మంచాలను కూడా తగ్గించారు. ఆ తరువాత పుట్టిన 8,033 మంది బిడ్డల్లో పోయినవారు 419 మంది. పంతొమ్మిదిమందిలో ఒకరు.

ఈ అంకె ముందు ఈనాటి వైద్యుడు కాస్త తటపటాయించక తప్పదు. ధనుర్వాతం గాలివల్ల రాదు. దాని సూక్ష్మజీవి మట్టిలోనూ, పేడలోనూ ఉంటుంది. కోసిన బొడ్డు ద్వారా ఒంట్లోకి పోతుంది. ఈ సంగతి బయటపడి, జపాన్ శాస్త్రజ్ఞుడు కితసాతో దానిని వేరుచేసి పెంచడానికి 1889 దాకా ఆగవలసివచ్చింది. క్లార్క్ వ్యాసానికి సరిగ్గా వందేళ్ళు. గాలి మారడంతో పాటు గదుల్లో కిక్కిరిసిన జనం తగ్గారు. ఒకరి మురికి మరొకరికి చేరే దారులూ తగ్గాయి. పసివాళ్ళను చంపే అంటురోగాలు అన్నిటికీ ఆ మార్పు కొంత కళ్ళెం వేసి ఉంటుంది. క్లార్క్ సిద్ధాంతం తప్పు. అతడు చేసిన పని మాత్రం వందల బిడ్డల్ని బతికించింది. తప్పు సిద్ధాంతం ఉన్నవాడు కూడా లెక్క సరిగా రాస్తే, తాను చేసింది పనికివచ్చిందో లేదో తెలుసుకోగలడు. సిద్ధాంతం ఒప్పై లెక్క లేనివాడికి ఆ అవకాశం లేదు. 1992లో మా పరిస్థితి అది. ధనుర్వాతం ఎలా వస్తుందో మాకు కంఠతా వచ్చు.

బాలింత జ్వరం

పసివాళ్ళ సంగతి ఇలా ఉండగా, తల్లులను తీసుకుపోయేది బాలింత జ్వరం. సూతికాజ్వరమని పుస్తకాల మాట. కాన్పు సుఖంగా జరుగుతుంది. రెండోరోజో మూడోరోజో చలితో జ్వరం మొదలవుతుంది. కడుపు ఉబ్బి, తాకనివ్వదు. వారం తిరగకుండా మనిషి ఉండదు. ఇళ్ళల్లో అక్కడొకటి, ఇక్కడొకటి కనిపించే ఈ జ్వరం ఆసుపత్రుల్లో ఊడ్చిపెట్టినట్టు వచ్చేది. పేదతల్లులకు నీడ ఇవ్వడానికి కట్టిన ఇల్లే వాళ్ళ పాలిట మృత్యువయ్యేది.

కారణం గురించి సూచనలు లేకపోలేదు. స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో అలెగ్జాండర్ గోర్డన్ 1795లోనే, ఈ జ్వరాన్ని రోగి నుంచి రోగికి చేరవేసేది వైద్యులూ మంత్రసానులే అని రాశాడు. ఎవరి చేతిమీదుగా ఎవరికి వచ్చిందో పేర్లతో పట్టిక వేశాడు. ఆ పట్టికలో తన పేరునూ వదల్లేదు. ఊరివారు హర్షించలేదు.

రొటండాలో 1826 నవంబరులో రాబర్ట్ కాలిన్స్ మాస్టర్ అయ్యాడు. 1829లో జ్వరం విజృంభించింది. అతడు చేయించిన పని వివరంగా రాసిపెట్టాడు. ఒక్కొక్క వార్డునే వంతులవారీగా ఖాళీ చేయించి, కిటికీలు, తలుపులు, పొగగూళ్ళు మూయించి, 48 గంటలపాటు చిక్కని క్లోరిన్ వాయువుతో నింపించాడు. తరువాత నేలకూ, చెక్కపనికీ సున్నపు క్లోరైడును నీళ్ళలో మీగడలా కలిపి పూయించి, మరో 48 గంటలు అలాగే ఉంచాడు. చెక్కకు రంగు, గోడలకు కొత్త సున్నం వేయించాడు. దుప్పట్లను ఉతికించి, ఫారన్‌హీట్ 120–130 డిగ్రీల వేడిగదిలో ఆరబెట్టించాడు. 1833 నవంబరులో తాను దిగిపోయేదాకా ఆ జ్వరంతో ఇక ఒక్క తల్లినీ కోల్పోలేదని అతడు రాసుకున్నాడు.

1835లో అచ్చయిన అతడి గ్రంథానికి ఆధారం ఏడేళ్ళలో జరిగిన 16,654 జననాలు. ప్రసవించిన తల్లులు 16,414 మంది, మరణాలు 164. సరిగ్గా నూటికి ఒకటి. చివరి నాలుగేళ్ళనే విడిగా తీసుకుంటే 10,785 మందిలో 58 మరణాలు. 186 మందికి ఒకటి. ఐరోపాలోని పెద్ద ఆసుపత్రులకు అది అప్పట్లో కలలో కూడా అందని అంకె.

సున్నపు క్లోరైడు అంటే మరేమిటో కాదు, మనం ఎరిగిన బ్లీచింగు పౌడరే. వానాకాలంలో ఊరిబావిలో పంచాయతీవాళ్ళు కలిపేదీ, మా ఆసుపత్రి వరండాల్లో పొద్దున్నే చల్లేదీ అదే. ముక్కుపుటాలు మండించే ఆ వాసనే 1829లో పార్నెల్ వీధి పక్కన కూడా వచ్చి ఉంటుంది.

వియన్నా నుంచి రావలసిన అతిథి

1846లో వియన్నా సార్వజనిక ఆసుపత్రిలో రెండు పురిటి విభాగాలు ఉండేవి. మొదటి దానిలో వైద్యవిద్యార్థులు, రెండవ దానిలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. ఆ ఏడాది మొదటి విభాగంలో 4,010 కాన్పులకు 459 మంది తల్లులు మరణించారు, నూటికి పదకొండుకు పైగా. రెండవ దానిలో 3,754 కాన్పులకు 105 మంది, నూటికి ముగ్గురు కూడా కాదు. మొదటి విభాగంలో చేర్చవద్దని గర్భిణులు మోకాళ్ళమీద పడి బతిమాలేవారు.

ఆ విభాగంలో సహాయకుడిగా ఉన్న హంగరీ యువకుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ ఆ శరదృతువులో పదవి పోగొట్టుకున్నాడు. అంతకుముందు ఆ స్థానంలో ఉన్నవాడు తిరిగిరావడమే కారణం. తల్లులు తక్కువగా పోయే పెద్ద ఆసుపత్రి ఎలా నడుస్తుందో చూడాలని, డబ్లిన్ వెళ్ళడానికి నిశ్చయించుకున్నాడు. అందుకోసం ఆ చలికాలమంతా ఇంగ్లీషు నేర్చుకున్నాడు. ఇంతలో అతడి స్థానం మళ్ళీ ఖాళీ అయింది. ప్రయాణం మానుకొని, కొద్దిరోజులు వెనిస్ చూసి 1847 మార్చిలో తిరిగివచ్చేసరికి మిత్రుడు కొల్లెట్ష్కా చనిపోయాడన్న వార్త ఎదురైంది. శవపరీక్షలో విద్యార్థి కత్తి వేలికి తగిలి, ఒళ్ళంతా విషమెక్కి పోయాడు. అతడి శవపరీక్ష నివేదిక చదువుతూంటే సెమ్మెల్‌వైస్‌కు బాలింతల శవాలే కళ్ళకు కట్టాయి. శవాలగది నుంచి నేరుగా పురిటిగదికి వచ్చే విద్యార్థుల చేతులే విషాన్ని మోసుకువస్తున్నాయి. మే నెల నడుమ నుంచి అందరూ క్లోరిన్ నీళ్ళతో చేతులు కడుక్కోవాలని ఆజ్ఞ వేశాడు. ఆ నీళ్ళు ఖరీదెక్కువైతే సున్నపు క్లోరైడుకు మారాడు. 1848లో మొదటి విభాగంలో 3,556 కాన్పులకు 45 మరణాలు. రెండు విభాగాల అంకెలూ సమానమయ్యాయి.

డబ్లిన్‌కు వచ్చి ఉంటే అతడు ఏం చూసేవాడు? అదే క్లోరైడును గోడలకు పూసిన చోటు చూసేవాడు. కాలిన్స్ గోడలు కడిగాడు, సెమ్మెల్‌వైస్ చేతులు కడిగించాడు. మొదటివాడు శత్రువు గదిలో దాగిందనుకున్నాడు, రెండవవాడు తన వేళ్ళమధ్యే దాగిందని గ్రహించాడు. గోడ కడగడానికి కూలీని పిలిస్తే చాలు. చేయి కడగడానికి ముందు, ఇన్నాళ్ళూ నేనే చంపానని ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు వైద్యలోకానికి మింగుడుపడలేదు. సెమ్మెల్‌వైస్ 1861 నాటి తన గ్రంథంలో వియన్నా పట్టికల పక్కనే డబ్లిన్ పట్టికలు పెట్టి చూపించాడు. ఒకచోట శవచ్ఛేదన చదువు పురిటి ఆసుపత్రితో ముడిపడి ఉంది, మరొకచోట లేదు, తేడా చూడండి అన్నాడు. తాను ఎన్నడూ అడుగుపెట్టని ఆసుపత్రి అతడికి ఇలా సాక్ష్యం చెప్పింది. 1865లో అతడు పిచ్చాసుపత్రిలో మరణించాడు.

మళ్ళీ వచ్చిన జ్వరం

కథ ఇక్కడ సుఖాంతమైతే బాగుండును. కాలిన్స్ తరువాతి దశాబ్దాల్లో రొటండాలోనూ జ్వరం మళ్ళీ వచ్చింది. గదిని ఒకసారి కడిగితే చాలదు. ప్రతి రోగి దగ్గరా, ప్రతి పరీక్షకు ముందూ కడగవలసింది చేయి అని ఇంకా స్థిరపడలేదు. కాలిన్స్ వారసుడు ఎవరీ కెన్నెడీ ఒకప్పటి మాస్టర్. అయినా 1869లో, పెద్ద పురిటి ఆసుపత్రులే తల్లులకు ప్రమాదమనీ, వాటి బదులు చిన్న చిన్న ఇళ్ళు కట్టాలనీ వాదించాడు. డబ్లిన్ వైద్యులు రెండుగా చీలిపోయారు. 1871లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పురిటి ఆసుపత్రుల మీద రాసిన పుస్తకంలో అంకెలు కూడి చూసి, పేదింట్లో జరిగే కాన్పు కన్నా ఆసుపత్రి కాన్పే ప్రాణాంతకమని తేల్చింది. ఆమె లెక్కలకు ముడిసరుకు ఇలాంటి ఆసుపత్రులు దాచకుండా రాసిన పద్దులే. తన మీద నేరం మోపడానికి కావలసిన సాక్ష్యాన్ని ఆసుపత్రి తన చేత్తోనే రాసిపెట్టింది.

దారి చూపింది లిస్టర్. 1867 తరువాత కార్బాలిక్ ఆమ్లం శస్త్రశాలలకు, ఆపైన పురిటిగదులకు వచ్చింది. 1879లో పారిస్‌లో ఒక సభలో పాశ్చర్ లేచి, బాలింత జ్వరం సూక్ష్మజీవి ఇదిగో అంటూ గొలుసుకట్టు చుక్కలను నల్లబల్ల మీద గీశాడు. అవి స్ట్రెప్టోకోకస్ క్రిములు. దుప్పట్లలోనూ, గదిదుమ్ములోనూ చాలాకాలం బతికి ఉండగలవి. కాలిన్స్ దుప్పట్లు వేడిచేయించడం వృథా కాలేదన్నమాట. 1936లో లండన్‌లోని క్వీన్ షార్లెట్స్ ఆసుపత్రిలో లియొనార్డ్ కోల్‌బ్రూక్ సల్ఫా మందుతో జ్వరపీడితులైన బాలింతలను బతికించాడు. ఆ తరువాత పెన్సిలిన్ వచ్చింది. ఒక తరంలోనే ఆ జ్వరం పాఠ్యపుస్తకాల వెనుకపేజీలకు తప్పుకుంది.

మన వైపు

ఇదంతా పరాయిదేశపు ముచ్చట అనుకోవడానికి వీల్లేదు. తెలుగు జిల్లాలు అధికభాగం చేరి ఉన్న మద్రాసు రాజధానిలో 1844లో పురిటి ఆసుపత్రి మొదలైంది. అదే తరువాత ఎగ్మూరు స్త్రీల, శిశువుల ఆసుపత్రిగా ప్రసిద్ధి చెందింది. దాని సూపరింటెండెంటుగా పనిచేసిన ఆర్కాటు లక్ష్మణస్వామి ముదలియార్ కర్నూలులో పుట్టినవారు. 1938లో ఆయన రాసిన ప్రసూతి శాస్త్రగ్రంథం, తరువాతి కూర్పుల్లో మీనన్ పేరు కూడా చేరి, మా తరం దాకా ప్రతి వైద్యవిద్యార్థి చేతిలోనూ నలిగింది. తెలుగు మాధ్యమంలో పదవతరగతి చదివి వచ్చిన నాకు, అందులోని తేట ఇంగ్లీషే మొదటి ఊరట. ట్రావన్‌కోర్ వైద్యశాఖకు అధిపతి అయిన డాక్టర్ మేరీ పూనెన్ లుకోస్ ప్రసూతివైద్యంలో తర్ఫీదు పొందినది రొటండాలోనే.

మగవైద్యుడి ముందుకు రాలేని స్త్రీల కోసం మేరీ షార్లీబ్ 1885లో మద్రాసులో ఘోషా ఆసుపత్రి స్థాపించింది. విశాఖపట్నంలోని విక్టోరియా ఆసుపత్రిని ఊరివారు ఈనాటికీ ఘోషాసుపత్రి అనే అంటారు. హైదరాబాదులో తన పరిచారిక ప్రసవంలో మరణించడం చూసి చలించిన నీలోఫర్ రాకుమారి పూనికతో 1953లో నీలోఫర్ ఆసుపత్రి వెలిసింది. మాస్‌ను కదిలించిన దృశ్యమూ, ఆమెను కదిలించిన దృశ్యమూ ఒకటే.

నా వార్డు బిడ్డ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. పసివాళ్ళ ధనుర్వాతాన్ని అరికట్టే మార్గంలో ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు. గర్భిణికి టీటీ సూది, కాన్పులో ఐదు శుభ్రతలు: చేతులు, పడక, బ్లేడు, బొడ్డుకు కట్టే దారం, ఏ పూతా లేని బొడ్డు. వీటిని ఊరూరికీ మోసినవారు ఏ.ఎన్.ఎం.లు. కానీ రోగం పోయిందో లేదో తెలియాలంటే, ఏ జిల్లాలో ఎందరు పుట్టారో, ఎందరు పోయారో ఇంటింటికీ వెళ్ళి లెక్కించాలి. ప్రతి జిల్లాలోనూ వెయ్యి జననాలకు ఒకటి కన్నా తక్కువ ఉంటేనే నిర్మూలన అయినట్టు. ఆ పరీక్షకు నిలిచి, 2003లో దేశంలో మొట్టమొదట నెగ్గిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. దేశమంతటికీ ఆ గుర్తింపు రావడానికి 2015 దాకా పట్టింది. ఈ వార్త పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చినట్టు నాకు గుర్తులేదు. నా మటుకు నేను ఆ రోజున కొడవలి పేరు చెప్పిన ఆ అమ్మమ్మను తలచుకున్నాను.

అయినా పద్దు మూసివేయదగినది కాదు. 2012 అక్టోబరులో ఐర్లండ్‌లోనే, డబ్లిన్‌కు దూరంగా మరొక నగరంలో, కన్నడదేశం నుంచి వెళ్ళిన 31 ఏళ్ళ దంతవైద్యురాలు సవిత హలప్పనవర్ గర్భస్రావంతో ఆసుపత్రిలో చేరి, ఒంట్లో విషమెక్కి మరణించింది. పిండం గుండె కొట్టుకుంటున్నంతకాలం గర్భాన్ని తొలగించడానికి అక్కడి చట్టం అడ్డువచ్చింది. ఆ ఒక్క మరణం మీద జరిగిన విచారణల ఫలితంగా, గర్భిణులలో ప్రమాదచిహ్నాలను వేళకు పసిగట్టే పట్టికలను దేశమంతటా ప్రవేశపెట్టారు. 2018 మే నెలలో ప్రజాభిప్రాయ సేకరణతో రాజ్యాంగమే మారింది. కాలిన్స్ నాటికి నూటికి ఒకటిగా ఉన్న అంకె ఎంత చిన్నదైపోయినా, ఆ చిన్న అంకెలో ఉన్నది ఒక మనిషి.

రొటండా ఇప్పటికీ అదే చోట ఉంది. దాని సభాభవనాల్లో కొంతభాగం 1930 నుంచి గేట్ థియేటర్. 1916 తిరుగుబాటులో లొంగిపోయిన యోధులను ఒక రాత్రంతా కూర్చోబెట్టింది ఆసుపత్రి ముందరి గడ్డిమీదే. మాస్ వేసిన తోటలో కొంతభాగం 1966లో ఆ స్వాతంత్ర్యవీరుల స్మృతివనమైంది. ఏటా ఎనిమిదివేలకు పైగా బిడ్డలు అక్కడ పుడుతున్నారు. ఆసుపత్రి ఏటా తన నివేదికను అచ్చువేస్తూనే ఉంది.

నేను మొదట పనిచేసిన ఆసుపత్రికి కొన్నేళ్ళ క్రితం వెళ్ళాను. వార్డులో ఒక యువ వైద్యురాలు బాధ్యత చూస్తున్నది. మాటల మధ్య, నవజాత శిశువుల మరణాలను కారణాలవారీగా నెలనెలా కూర్చొని చర్చిస్తామని చెప్పి, రిజిస్టరు తెరిచి చూపించింది. పేజీ అడుగున మొత్తం వేసి, కింద సంతకం చేసి ఉంది. ధనుర్వాతం గడిలో సున్న ఉంది. "ఆ గడి ఎందుకు సార్, తీసేద్దామనుకుంటున్నాం" అంది. ఉంచమ్మా, అన్నాను.